మూడో పిలుపు

మా అమ్మాయి మహిమ దయ్యానికి గొంతు ఇచ్చిందని తెలిసినప్పటి నుంచి నాకు ఒంట్లో స్థిమితం లేదు. దయ్యమంటే నిజం దయ్యం కాదు, సినిమాలో దయ్యమే. అయినా గొంతు మాత్రం నిజం గొంతే కదా. జలుబు చేసినప్పుడల్లా మిరియాల పాలు కాచి, పమిట కొంగుతో చెవులు మూసి నేను కాపాడుకున్న గొంతు. దయ్యం మాదిరి అరిచి అరిచి రేపు ఆ గొంతులో గడ్డ లేస్తే ఎవరిని అడగాలి? సినిమావాళ్లు అప్పటికి ఫోన్ ఎత్తుతారా?

మేముండేది నందికొట్కూరులో. మా ఆయన పేరు సుందరం, ట్రాక్టరు నడుపుతాడు. ఆయన బండి ఎక్కిన ప్రతిరోజూ అది బోర్లా పడినట్టే నాకు కనిపిస్తుంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. చదివింది పదో తరగతి. ఆదివారం చర్చిలో వాక్యం చదవమంటే తడబడకుండా చదువుతాను. మాకు మహిమ ఒక్కతే. కర్నూలులో బీఈడీ చేసింది. చక్కగా ఏదో ఒక బడిలో చేరుతుందనుకుంటే, డబ్బింగ్ పని దొరికిందని హైదరాబాదు పోయింది. తెర మీద వేరేవాళ్లు నోరు ఆడిస్తే, ఈమె చీకటి గదిలో నిలబడి మాట ఇస్తుందట. మొదట్లో సీరియళ్లలో పక్కింటావిడ గొంతు, పెళ్లిలో గుంపు గొంతు ఇచ్చేది. ఆ తర్వాత దయ్యం వచ్చింది.

ఆ దయ్యం సంగతి చెప్పాలంటే ముందు మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. పొద్దు గూకినాక బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకూడదు. దయ్యం ఒక్కసారే పిలుస్తుంది. పలికినవాళ్లను తీసుకుపోతుంది. మనిషైతే మళ్లీ పిలుస్తాడు. మూడో పిలుపు వినబడితే అది మనిషేనని ఖాయం, అప్పుడు పలకవచ్చు. మా అమ్మ నాకు నేర్పింది, నేను మహిమకు నేర్పాను. మేం క్రైస్తవులం, దయ్యాలను నమ్మకూడదు. నేను నమ్మను కూడా. కానీ జాగ్రత్త వేరు, నమ్మకం వేరు.

అందుకని మహిమ చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటుంటే, పొద్దు వాలగానే నేను గడపలో నిలబడి మూడుసార్లు పిలిచేదాన్ని. మొదటిది మామూలుగా, ఉప్పు డబ్బా యాడ పెట్టినావని అడిగినట్టు. "మహిమా, యాడుండావే." రెండోది కోపంగా. "మహిమా, పొద్దు గూకె, రాయే." ఈలోపల నా తలలో బావి, పాము, బస్టాండు దగ్గర లారీ అన్నీ తిరిగిపోయేవి. అందుకని మూడోసారికి మాటలుండేవి కాదు, ఉత్త పేరొక్కటే వచ్చేది. "మహిమా." అది పిలుపో ప్రార్థనో నాకే తెలిసేది కాదు. అప్పుడు ఏ మూలనుంచో "వస్తాండామా" అని వచ్చేది మా పిల్ల. విశ్వాసమ్మ మూడు పిలుపులు అయినాయి, దీపాలు పెట్టుకోండి అని వీధిలో నన్ను ఎగతాళి చేసేవాళ్లు.

మహిమ చిన్నబడిలో ఉన్నప్పుడు ఈ పద్ధతి మీదనే ఒక సినిమా వచ్చింది. పేరు 'పొద్దు గూకినాక'. మా వైపే, బేతంచెర్ల బండలు పరిచిన ఒక పాత ఇంట్లో తీశారు. లాంతరు పట్టుకున్న ఒకావిడ గడప దగ్గరికి వచ్చి ఒక్కసారే పిలుస్తుంది. పలికినవాళ్లు తెల్లారేసరికి ఉండరు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు, హాలు ఖాళీగా ఉందని వారం తిరగకముందే తీసేశారు. ఫోన్లు వచ్చాక పిల్లలు దాన్ని పట్టుకున్నారు. ఒకరు చూసి ఇంకొకరికి చెప్పి, అది ఎంత దూరం పోయిందంటే, ఇప్పుడు కర్నూలులో, కడపలో ఆ సినిమా పేరు చొక్కాల మీద వేసుకుని తిరుగుతారు. హాస్టళ్లలో పిల్లలు ఒకరినొకరు ఒక్కసారి పిలిచి దాక్కుంటారు. ఆ దయ్యాన్ని దయ్యమని కూడా అనరు, గౌరవంగా 'ఆయమ్మ' అంటారు.

అంత పేరున్న సినిమాకు ఇన్నేళ్లకు రెండో భాగం తీశారు. మొదటిదానిలో ఆయమ్మకు గొంతు ఇచ్చిన పెద్దావిడ ఇప్పుడు పాడలేని, మాట్లాడలేని వయసుకు వచ్చిందట. ఆ స్థానంలో మా మహిమను పెట్టారు.

నా భయాలకు అప్పుడు లెక్క లేకుండా పోయింది. మా ఆడబిడ్డ రెజీనా చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. దయ్యానికి అరువిచ్చిన నోటితో రేపు కీర్తన ఎట్ల పాడతాదని ఆమె అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ, నాకు ఆ నవ్వు చాలా రోజులు గుచ్చుకుంది. ఇక ట్రైలర్ వచ్చాక ఫోన్‌లో జనం రాసిన మాటలు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చదివాను. పాత గొంతును చెడగొట్టారని ఒకరు. ఇది దయ్యమా, అంగన్‌వాడీ టీచరా అని ఒకరు. అది చదివి మహిమ ఫోన్‌లో పెద్దగా నవ్వింది. కానీ ఆ పూట అన్నం తినలేదని తన రూమ్మేటు నాకు చెప్పింది.

అందరికన్నా నేను ఎక్కువ భయపడింది ప్రవీణ్ అనే పిల్లవాడికి. పిల్లవాడంటే ముప్పై దాటి ఉంటాయి. మా ఊరే, అయినా ఆ కొత్త గొంతు మహిమదని తెలియదు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతాడు. మొదటి భాగంలో ప్రతి మాటా అప్పజెబుతాడు. కొత్త సినిమా వస్తే హాలు బయట ఫోన్ పట్టుకుని జనాన్ని ఎట్లుంది ఎట్లుందని అడిగి, అది చానెల్లో పెడతాడు. జిల్లా మొత్తం అదే చూసి హాలుకు పోవాలో వద్దో తేల్చుకుంటుందట. ఈ రెండో భాగం గురించి అతను ముందే ఒక మాట అన్నాడు. పాత గొంతు మా ప్రాణం, కొత్త గొంతును శుక్రవారం మ్యాట్నీలో నిలబెట్టి విచారిస్తాం అన్నాడు. విచారిస్తాం అనే మాట విని, పోలీసులకేమైనా చెప్తాడేమోనని నేను ఆయన్ను అడిగాను. ఆయన ట్రాక్టరు తుడుచుకుంటూనే ఉన్నాడు.

విడుదలకు ముందురోజు మహిమ ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఒక స్టూడియోవాళ్లు ఏడాది పాటు పని ఇస్తామన్నారట. సోమవారం లోపల వస్తానో రానో చెప్పాలి. ఇక్కడ ఆత్మకూరులో ఒక బళ్లో టీచరు ఉద్యోగం నేను చూసి పెట్టాను. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు రావచ్చు. వాళ్లు కూడా సోమవారమే రమ్మన్నారు. దాని కోసం నేను పాస్టరు గారితో చెప్పించాను, ఉపవాసం కూడా ఉన్నాను.

గొడవ పడుతుందనుకున్నాను. మహిమ గొడవ పడలేదు. నా కుట్టుమిషను పక్కన కూర్చుని, కింద పడిన దారం ముక్కలు ఏరుతూ చెప్పింది.

"నువ్వే పోయి చూడుమా. జనాలు ఏమంటాండారో నీ చెవులతో విను. వచ్చి ఉండేది ఉన్నట్ల నాకు చెప్పు. నువ్వు వద్దంటే ఆత్మకూరు బస్సెక్కతా."

"నువ్వు రావా?"

"నా వల్ల కాదు. వాళ్లు నవ్వితే నేను ఆడ కూచోలేను."

నా మాట మీదనే వదిలేసింది. సంతోషపడాల్సింది పోయి, కుడుతున్న జాకెట్టు చేతిని తలకిందులుగా కుట్టి మళ్లీ విప్పుకున్నాను.

శుక్రవారం మ్యాట్నీకి మా పక్కింటి మహబూబ్ బీ అక్కను తోడు తీసుకుపోయాను. ఆమె నాకన్నా పెద్దది, భర్త పోయాక సినిమాలే ఆమెకు కాలక్షేపం. దయ్యం సినిమా అంటే నవ్వొస్తాదంటుంది. నేను సంచిలో నీళ్ల సీసా, తలనొప్పి మాత్రలు, చిన్న బైబిలు పెట్టుకున్నాను. ఎక్కడికి పోతాండావు, ఆసుపత్రికా అని అడిగింది అక్క.

హాలు దగ్గర అంత జనాన్ని నేను తిరునాళ్లలోనే చూశాను. కొందరు నిజంగానే లాంతర్లు తెచ్చారు. లోపల నూనె ఒలికి మంటలు లేస్తే తలుపులు ఎటున్నాయో చూసుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే అవి బ్యాటరీ లాంతర్లు. ఆత్మకూరు నుంచి, పగిడ్యాల నుంచి బండ్ల మీద వచ్చినవాళ్లున్నారు. మధ్యలో ప్రవీణ్, ఎర్ర చొక్కా, చేతిలో కర్రకు తగిలించిన ఫోన్. మేం కూర్చున్న వరుసకు ముందు వరుసలోనే కూర్చున్నాడు. నా మోకాళ్లు అతని కుర్చీకి తగలకుండా ముడుచుకున్నాను.

మొదటి సగంలో ఆయమ్మ కనబడింది గానీ నోరు తెరవలేదు. లాంతరు వెలుగు బండల మీద పాకుతుంది, గడప దగ్గర ఆగుతుంది, అంతే. నేను చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నాను. విశ్రాంతిలో అక్క మిరపకాయ బజ్జీలు కొనుక్కుని తింటుంటే, నేను చుట్టూ మాటలు విన్నాను. బాగుండాది అంటున్నారు. ఇల్లు బాగా చూపించినాడు, ఆ గాలి చప్పుడు శానా బాగుండాది అంటున్నారు. కానీ ప్రతి ఒక్కరూ చివర అదే మాట. గొంతింకా రాలేదు గదప్పా, గొంతొస్తే తెలుస్తాది. ప్రవీణ్ చేతులు కట్టుకుని తెరవైపే చూస్తున్నాడు, తెర మీద ఏమీ లేకపోయినా.

రెండో సగంలో ఆయమ్మ బతికి ఉన్నప్పటి కథ వచ్చింది. ఆమెకు సిన్ని అని ఒక కూతురు. ఒక సాయంత్రం తల్లి పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తూ ఒక్కసారి పిలుస్తుంది. పిల్ల ఇంటి వెనక బావి గట్టు మీద ఆడుకుంటూ ఉంటుంది. ఆ పిలుపు వింటుంది. పలకబోతుంది. ఒక్క పిలుపుకు పలకొద్దని తల్లి నేర్పిన మాట గుర్తొచ్చి నోరు మూసుకుంటుంది. రెండో పిలుపు కోసం ఎదురుచూస్తుంది. తల్లికి రొట్టె మాడుతుందని చేయి ఆడదు, మళ్లీ పిలవదు. చీకటి పడుతుంది. పిల్ల గట్టు దిగబోయి జారుతుంది.

మహబూబ్ బీ అక్క బజ్జీ చేతిలోనే పట్టుకుంది. మొదటి భాగంలో ఆమె ఒక్కసారే ఎందుకు పిలిచేదో అప్పుడు తెలిసింది జనానికి. దయ్యాలు ఒక్కసారే పిలుస్తాయి కాబట్టి కాదు. ఆ పొద్దు ఆమె పిలిచింది ఒక్కసారే. అక్కడే ఆగిపోయింది.

ఇక చివర. ఆ పాత ఇంట్లో ఇప్పటి కాలం పిల్ల ఒకతి ఒంటరిగా ఉంటుంది. బయట లాంతరు. ఆయమ్మ పిలిచింది.

"సిన్నీ, యాడుండావే."

ఉప్పు డబ్బా అడిగినట్టుంది ఆ పిలుపు. ఆ ఎత్తు, ఆ దించడం నాకు తెలుసు. తెర మీద పిల్ల పలకలేదు. అందరికీ తెలిసిన పద్ధతే కాబట్టి హాల్లో ఎవరూ కదల్లేదు. అంతటితో అయిపోవాలి. కానీ అయిపోలేదు.

"సిన్నీ, పొద్దు గూకె, రాయే."

జనం ఉలిక్కిపడ్డారు. ఆయమ్మ రెండోసారి పిలవడం ఎవరూ ఎరగరు. నా చేయి అక్క మోచేతిని పట్టుకుంది. మొన్న మండువేసవిలో జరిగింది గుర్తొచ్చింది. ఒక సాయంత్రం మహిమ ఫోన్ చేసి, అమ్మా, ఊరికే నన్నొకసారి పిలువు, చిన్నప్పుడు పిలిచినట్ల అని అడిగింది. పిల్లకు ఏమైందోనని నేను ఎంత కంగారుపడ్డానో. జ్వరమా, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగితే, ఏమీ లేదు పిలువు అంది. పిలిచాను. మూడుసార్లూ పిలిచాను. సరే అని పెట్టేసింది. దేనికి అడిగిందో ఇప్పుడు తెలిసింది. నా పిలుపు తీసుకుపోయి దయ్యం నోట్లో పెట్టింది.

మూడోది వచ్చింది. మాటల్లేవు. పేరొక్కటే.

"సిన్నీ."

అప్పుడు నా ముందు వరుసలో ప్రవీణ్ లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో తెలీదు. అతని నోటి నుంచి, అందరికీ వినబడేట్టు, చిన్నపిల్లవాడి మాదిరి వచ్చింది ఆ మాట.

"వస్తాండామా."

ఇంకెక్కడైనా అయితే హాలు పగిలిపోయేట్టు నవ్వేవాళ్లేమో. మా ఊళ్లో ఎవరూ నవ్వలేదు. మూడో పిలుపుకు పలకడం మాకు అలవాటు. సగం మంది నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాటనే అతను బయటికి అన్నాడు.

బయటికి వచ్చేసరికి నా లోపల రెండు కోపాలు, ఒక సంతోషం కొట్లాడుకుంటున్నాయి. నన్ను దయ్యం చేసిందని ఒక కోపం. అడిగి చేయలేదని ఇంకొకటి. సంతోషం ఎందుకో మాత్రం చెప్పలేను. హాలు మెట్ల దగ్గర ప్రవీణ్‌ను గుంపు చుట్టుకుంది. ఏమప్పా, ఆయమ్మ తీసకపోలేదా నిన్ను అని ఎవరో అన్నారు. తీసకపోయినాది లేప్పా, ఇంకా తిరిగి రాలా అన్నాడతను. ముఖం కడుక్కుని వచ్చినట్టున్నాడు, చొక్కా ముందంతా తడి.

తర్వాత ఫోన్ పైకెత్తి అందరినీ అడగడం మొదలుపెట్టాడు. నేను స్తంభం చాటున నిలబడి విన్నాను. మహిమకు చెప్పాలి కదా, ఒక్కటి కూడా మరిచిపోకూడదని పెదాల్లోనే అనుకున్నాను. మొదటిదానికన్నా ఇది మేలని ఒకతను అన్నాడు. దయ్యం సినిమాకొచ్చి ఇంటికి ఫోన్ చేయాలనిపించింది ఇదే మొదలు అని ఒక కాలేజీ పిల్ల చెప్పింది. బురఖాలో ఉన్న ఒక అమ్మాయి, మా అమ్మీ పిలిచేది కూడా అచ్చం ఇట్లే అని చెప్పి మధ్యలో ఆపేసింది. ఎవరో గానీ ఆ గొంతు పిల్ల సంపేసినాదప్పా అన్నాడు ఇంకొకతను. ఎవరిని చంపిందని అక్కను అడిగాను. మెచ్చుకుంటాండాడే పిచ్చిదానా, ఇప్పటి పిల్లోళ్లు అట్లే మెచ్చుకుంటారు అంది అక్క.

చివరికి ప్రవీణ్ ఫోన్ తన వైపు తిప్పుకున్నాడు.

"నేను ఈ గొంతును విచారిస్తానంటిని. ఆ మాటకే ఇప్పుడు విచారపడతాండా. పాత గొంతు దయ్యంది. ఇనగానే దుప్పటి కప్పుకుంటిమి. ఈ గొంతు ఇన్నాక దుప్పటి తీసి పరిగెత్తాలనిపిస్తాది. నేను పలకలేదప్పా, నోరే పలికె. ఆ గొంతిచ్చిన యమ్మి యాడుండాదో గానీ, ఆయమ్మకు ఒక దండం."

అంగన్‌వాడీ టీచరు అని రాసిందెవరో లేసి రండి అని గుంపులో ఎవరో అరిస్తే అందరూ నవ్వారు.

ఒక్కతను నవ్వలేదు. వెంకటేశ్వర్లు అని, మా బజారులో కిరాణా కొట్టు పెద్దాయన. మొదటి భాగం ఖాళీ హాల్లో చూసిన కొద్దిమందిలో తానొకణ్నని చెప్పుకుంటాడు. ఆయన ఫోన్ ముందుకొచ్చి నిదానంగా అన్నాడు. "గొంతు బాగుండాది. కాదనను. కానీ ఆ గొంతులో పగ లేదు. దయ్యం ఏడిస్తే ఇంక భయపడేదెవరు? దయ్యం దయ్యం మాదిరి ఉండాల. నాకు మొదటిదే మేలు."

ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. ఇదిగో, ఒకటి దొరికింది. మహిమ ఉన్నదున్నట్టు చెప్పమంది. ఇది కూడా ఉన్నదే. పెద్దవాళ్లకు నచ్చలేదు, పగ లేదన్నారు, ఈ పని నీకు పనికిరాదు, ఆత్మకూరుకు పో అని చెప్పవచ్చు. అబద్ధం కూడా కాదు.

అంతలో ప్రవీణ్ ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. స్తంభం చాటు నుంచి నేను కొంచెం బయటికి వచ్చినట్టున్నాను.

"అక్కా, నువ్వు జెప్పు. గొంతెట్లుండాది?"

చుట్టూ అందరూ చూస్తున్నారు. మహబూబ్ బీ అక్క నోరు తెరవబోతే ఆమె చేయి గిల్లాను. నాకు ఎప్పుడూ ఉన్న మాటే వచ్చింది.

"ఆ పిల్లకు గొంతు నొప్పి పుట్టి ఉంటాది."

గుంపు గొల్లుమంది. ప్రవీణ్ కూడా నవ్వి, తర్వాత ఫోన్‌తో అన్నాడు. "ఇన్నారుగా సినిమావాళ్లూ. ఎవరైనా ఆయమ్మకు మిరియాల పాలు ఇయ్యండి."

మిరియాల పాలు అని అతని నోట వినగానే నాకు కళ్లు మసకబారాయి. ఎవరూ చూడకముందే అక్క చేయి పట్టుకుని మెట్లు దిగాను.

దారిలో అక్క అడిగింది. "పోయి ఏం జెప్తావు మహిమకు?"

"వెంకటేశ్వర్లన్న చెప్పింది చెప్తా."

"అదొక్కటేనా?"

"ఉండేది ఉన్నట్ల చెప్పమనింది గదక్కా."

"హాలు నిండా ఉండేది ఇడ్సిపెట్టి, ముసిలాయన కాడ ఉండేది మూటగట్టుకొని పోతావా. బలే లెక్క నీది."

నడుస్తున్నంతసేపూ ఆ బావి గట్టు మీద సిన్నియే కనిపించింది. పిలుపు విని, పలకాలని నోటి దాకా వచ్చి, మూసుకున్న నోరు. ఆ పిల్ల అల్లరిది కాదు. చెప్పిన మాట వినే పిల్ల. తల్లి నేర్పిన భయాన్ని బుద్ధిగా పాటించి చీకట్లో అట్లే కూర్చుండిపోయింది. మహిమ కూడా మాట వినే పిల్లే. నేను వద్దంటే నిజంగానే సోమవారం ఆత్మకూరు బస్సు ఎక్కుతుంది. అది తలుచుకుంటే ఇంతకుముందు నాకు హాయిగా ఉండేది. ఆ సాయంత్రం మాత్రం హాయి రాలేదు.

ఇంటికి వచ్చేసరికి తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. మహిమ లేదు. ఆయన పొలం నుంచి ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఫోన్‌లో జనం ఏం రాశారో చూసి ఉంటుంది. పాడు మాట ఏదో చదివి ఉంటుంది. నా తలలోకి అన్నీ వచ్చేశాయి, ఊరి పక్క కేసీ కాలువతో సహా. పొద్దు అప్పటికే వాలిపోయింది. గడపలో నిలబడి పిలిచాను.

"మహిమా, యాడుండావే."

ఉలుకూ పలుకూ లేదు. రోడ్డు మీద సినిమా వదిలి ఇళ్లకు పోతున్నవాళ్లు బండ్లు ఆపి ఇటు చూస్తున్నారు. నాకు వాళ్ల ధ్యాస లేదు.

"మహిమా, పొద్దు గూకె, రాయే."

బండి మీద ఉన్న ఒక అమ్మాయి, "వస్తాండామా" అంది. ఆమె వెనక ఇంకొకరు. ఎదురింటి మిద్దె మీద నుంచి ఇంకెవరో. వీధి చివరి నుంచి ఇంకో గొంతు. ఎగతాళి లేదు ఆ పలకడంలో. ఆ సినిమాలో గొంతు మా మహిమదని వాళ్లకు తెలియదు. సినిమా చూసి వచ్చినవాళ్లు, ఆ పిలుపు మళ్లీ వినబడితే పలికారు, అంతే. మా వీధిలో నా పిలుపుకు ఎగతాళి లేకుండా పలకడం అదే మొదలు. మూడోసారి పిలవాలని నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు.

మా మిద్దె మెట్ల మీద నుంచి మహిమ దిగి వచ్చింది. ఎవరికీ కనబడకుండా పిట్టగోడ వెనక కూర్చుందట నేను సినిమాకు పోయినప్పటి నుంచి. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మూడోది పిలవలేదేమా?"

"గొంతు రాలేదు. నువ్వు నా పిలుపు తీసకపోయి దయ్యానికి ఇస్తివి గదా, నాకేం మిగిల్నాది."

తల వంచుకుంది. లోపలికి వచ్చి కుట్టుమిషను పక్కన కూర్చున్నాం. ఏమన్నారని అడిగింది. నేను మొదట వెంకటేశ్వర్లన్న మాటే చెప్పాను. పగ లేదన్నాడని, మొదటిదే మేలన్నాడని. ముఖం చిన్నబోతుందనుకుంటే, ఆలోచించి తల ఊపింది.

"నిజమే చెప్పినాడుమా. పగ పెట్టాలని శానా చూస్తి. రాలేదు. నీ పిలుపులో పగ లేదు గదా, నేనెట్ల పెట్టేది."

ఆ మాట తర్వాత నేను దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. కాలేజీ పిల్ల అన్నది, బురఖా అమ్మాయి మధ్యలో ఆపింది, సంపేసినాది అన్నది, ప్రవీణ్ లేచి నిలబడింది, పలికింది, దండం పెట్టింది, మిరియాల పాలు, అన్నీ వరసగా చెప్పాను. హాలు మెట్ల మీద ఎవరు ఎక్కడ నిలబడి అన్నారో కూడా చెప్పాను. ప్రవీణ్ సంగతి మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఈసారి లేచి నిలబడి, అతను పలికినట్టు పలికి చూపించాను. మా అమ్మాయి ముఖంలో అంత వెలుగు తను బీఈడీ పాసైన రోజు కూడా నేను చూడలేదు.

"అందరూ చెప్పింది అయ్యె. నువ్వు చూసినావు గదా. నువ్వేమంటావు? పోవాల్నా, ఈడ్నే ఉండాల్నా?"

హైదరాబాదు రోడ్లు, హాస్టలు మెట్లు, చీకటి గదిలో కరెంటు తీగలు, అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందు తిరిగాయి. అవి ఎక్కడికీ పోవు, నేనున్నంత కాలం తిరుగుతూనే ఉంటాయి.

"పో" అన్నాను. "దినామూ పొద్దు గూకేసరికి ఫోన్ చేస్తా. ఒక్క మోతకే ఎత్తొద్దు."

"ఎందుకుమా? ఫోన్‌లో దయ్యాలు చేస్తాయా?"

"ఎందుకో ఏమో. ఎత్తొద్దన్నా అంతే. మూడోదానికి ఎత్తు."

మహిమ నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కించాం. సంచిలో మిరియాల పొడి పెద్ద డబ్బా పెట్టాను. రెజీనా కూడా బస్టాండుకు వచ్చింది. వచ్చే క్రిస్మస్‌కు చర్చిలో వాక్యం మహిమ చేత చదివిద్దామని పాస్టరు గారితో అన్నానని చెప్పింది. ఆమె కూడా సినిమా చూసిందని నాకు అప్పుడు అర్థమైంది, నేను అడగలేదు.

సోమవారం సాయంత్రం గడపలో నిలబడి ఫోన్ చేశాను. ఒక మోత. ఆపకుండా చెవికి పెట్టుకునే ఉన్నాను. రెండో మోత. ఈలోపల నా తలలో ఏమేం తిరిగాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మూడో మోతకు ఎత్తింది. నేను యాడుండావే అని అడగకముందే, అక్కడి ట్రాఫిక్ చప్పుడులోంచి నా కూతురు గొంతు వినబడింది.

"ఈడుండామా."